టేపులో చప్పుడు

"కూర్చోవే తూనీగా! ఒంట్లో చీమలు పాకుతున్నాయా?"

ఖురాన్ చదువు చెప్పే ఆపాకు అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

ఆ పిల్ల మోకాలు ఆపితే వేళ్లు ఆడేవి. వేళ్లు ఆపితే కళ్లు గుమ్మం దాటేవి. నేర్చుకోవాల్సిన ఖురాన్ అధ్యాయం, ఆ సూరా మాత్రం నోటికి వచ్చేది కాదు. ఈ పూటా అప్పజెప్పకపోతే చదువు మాన్పిస్తానని తల్లి తెగేసి చెప్పింది. ఆపాకు కాలు నిలవడం లేదు.

ఎవరో ఆవిడ సూరాలు చదివిన పాత టేపు పెట్టింది. తనకూ చదువొచ్చింది ఆ గొంతు వినే. ఎవరిదో తెలియదు. వెనక ఏదో గీరుడు. టేపు అరిగిందని రోజూ మిషను తుడుస్తూనే ఉంటుంది.

"విన్నారా? ఆ తల్లిలా కొండలా కదలకుండా కూర్చుని చదవాలి!"

అప్పటికే గుమ్మంలో ఒక ముసలమ్మ నిలబడి ఉంది. దాహమంది.

నీళ్లు తాగిందే గాని కుదురుగా కూర్చోదే! వరండాలో ఆ కొసకూ ఈ కొసకూ తిరుగుడే. ఒక కాలు టక్‌మంటే, ఇంకోటి సర్రున ఈడ్చుకొచ్చేది.

"కాలికేమైంది నానీ?" తూనీగ ఆ అమ్మమ్మను అడిగింది.

"పుట్టినప్పట్నుంచీ ఇంతేనే తల్లీ."

ఆపాకు చిర్రెత్తింది. "పెద్దమ్మా, పిల్లలు చెదిరిపోతున్నారు. కూర్చోరాదూ?"

"ఈ పిల్లని కాసేపు నా వెనక నడవనివ్వమ్మా. కొందరికి చదువు కాళ్లలోంచి ఎక్కుతుంది."

"బాగుంది! అసలే కోతి, మీరు కల్లు కూడా తాగిస్తారా? టేపులో ఆవిడ నడుస్తూ చదివిందా?"

ముసలమ్మ నవ్వింది. "నువ్వే చెప్పాలమ్మా."

ఆపా పక్క పిల్లల పాఠం చూసి తిరిగేసరికి తూనీగ ఆమె వెనకే అడుగులో అడుగు వేస్తోంది. పెదవులు కదులుతున్నాయి.

"ఇక దయచేయండి!" అంది ఆపా.

ముసలమ్మ వెళ్లిపోయింది.

కాసేపటికి తల్లి వచ్చింది. తూనీగ కూర్చుంది. మొదటి మాటకే తడబడింది.

"పదవే ఇంటికి," అంది తల్లి.

తూనీగ లేచింది. ఒక కాలు ఈడుస్తూ నడక మొదలుపెట్టింది. నడుస్తూ నడుస్తూ సూరా మొత్తం అప్పజెప్పేసింది.

తల్లి కొంగుతో కళ్లొత్తుకుంది. ఆపా వీధిలోకి పరుగెత్తింది. వీధి ఖాళీ.

పిల్లలంతా వెళ్లాక, మనసు నిలవక మళ్లీ టేపు పెట్టింది. చప్పుడు రాగానే అలవాటుగా గుడ్డ అందుకుంది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ గొంతు వెనక, ఆ కొస నుంచి ఈ కొసకు... టక్, సర్ర్. టక్, సర్ర్.