గద్దె మీద మాట

"వేటా? వేటకు కొయ్యను గొర్రె యాడుండాదప్పా? ఉన్న నలభైనీ పోయిన దసరాకే అమ్మేస్తిమి గదా!"

చెవుడున్న సుబ్బక్క అరుపుకి తమ్ముడు మల్లేశప్ప తల పట్టుకున్నాడు. మంచం మీద కూర్చోబోతున్న పన్నుల ఆఫీసరు శివరాజు అట్లాగే ఆగిపోయాడు.

"వింటిరా సార్?" పావగడ బట్టల వ్యాపారి యోగీశ్ ఎగిరి గంతేశాడు. "గొర్రెల్లేవంట! మరి కంబళ్ళు గాలితో నేస్తారా?"

జీఎస్టీ ఇంకా రాని రోజులు. వల్లూరులో గొర్రెలు మేసిన బీళ్ళ నిండా సోలారు పలకలు నాటుతున్నారు. అదీ ఒక మందే. ఎండను మేస్తుంది. ఉన్ని మాత్రం ఇవ్వదు.

చేత్తో నేసిన కంబళికి వ్యాట్ లేదు. మిల్లు కంబళికి ఉంది. మల్లేశప్ప నడిపే నేతగాళ్ళ సంఘానికి ఆ మినహాయింపు తీసెయ్యమని యోగీశ్ అర్జీ పెట్టాడు. అది పోతే సంఘం మూత. సంఘం మూస్తే పన్నెండిళ్ళ పొయ్యి మూత.

"ఉన్ని చెళ్ళకెరె సంతలో కొంటాం సార్," అన్నాడు మల్లేశప్ప.

"నేను ప్రతి కంబళికీ పన్ను కడతా ఉండా. ఈయనకేంది సార్ రాయితీ?"

"నా నోట్లో ఉండేదే రెండు పండ్లు. ఇంగో పన్ను యాడ కట్టించుకునేదప్పా?" అంది సుబ్బక్క.

అందరూ నవ్వారు. శివరాజు నవ్వలేదు. "మగ్గం చూడల్ల," అన్నాడు.

"చూద్దురు గానీ సార్. ముందు గద్దె మీద కూచోని చెప్తా. ఆ పైన మీ ఇష్టం," అన్నాడు మల్లేశప్ప.

శివరాజు కలం ఆగింది. ఆయన తాతలూ గొర్రెలు కాసినవాళ్ళే. ఇంట్లో నేసిన నల్ల కంబళి పరిచి, పసుపు బియ్యం చల్లితే అదే గద్దె. దాని మీద కూర్చుని అబద్ధమాడితే వంశం నిలవదు. కోర్టులో బొంకినవాడు కూడా గద్దె మీద బొంకడు.

మల్లేశప్ప లోపలినుంచి కంబళి తెచ్చాడు. చేనేత కంబళికి పట్టించే చింతపిక్కల గంజి వాసన గుప్పుమంది. పరిచాడు. పసుపు బియ్యం చల్లాడు. ఒక మూలను మోకాలి కింద అదిమిపెట్టి కూర్చున్నాడు.

"మా సంఘం అమ్మే ప్రతి కంబళీ మా చేతి నేతే."

యోగీశ్ వంగి అవతలి అంచు తడిమాడు. గంజి పట్టిన గరుకు అరచేతిని గీరింది.

"ఈ గరుకు మా మిల్లు సరుక్కి యాడొస్తాదిలే," అని గొణిగి తల దించుకున్నాడు.

శివరాజు మినహాయింపు ఉంచుతూ సంతకం పెట్టేశాడు. మగ్గం వైపు కన్నెత్తైనా చూడలేదు. పోతూ దండం పెట్టాడు. మల్లేశప్ప లేవకుండానే తిరిగి దండం పెట్టాడు. గద్దె మర్యాద అనుకున్నారు అందరూ.

జీపెక్కబోతూ శివరాజు సుబ్బక్క చెవి దగ్గర వంగి, వీధంతా వినబడేలా చెప్పాడు. "వేట కాదవ్వా, వ్యాట్! పన్ను! ఎవర్నీ కొయ్యం!"

"కొయ్యను ఏం మిగిలిందిలేప్పా," అంది సుబ్బక్క.

జనం నవ్వుకుంటూ చెదిరిపోయారు.

జీపు దుమ్ము అణిగాక మల్లేశప్ప మోకాలెత్తి, దాని కింది కంబళి మూలకు కుట్టి ఉన్న యోగీశ్ అంగడి చీటీని పీకేశాడు.