రేపటి ఉదాహరణ

"పాలించేవాడు పోయి ఇంకొకడు వచ్చేలోగా ఉండే ఖాళీని ఏమంటారు? మాట కావాలి. ఇప్పుడే," అన్నాడు సెక్రటరీ, కుర్చీ లాక్కుని.

నిఘంటువు ఆఫీసులో ముప్పై ఏళ్ళుగా మాటలు ఏరుతున్న ఆవిడను అందరూ నిఘంటువమ్మ అంటారు. ఎంత పెద్ద మాటకీ బెదరని మనిషి. కానీ దేశాన్నేలే పెద్దాయన సెక్రటరీ స్వయంగా మెట్లెక్కి వచ్చేసరికి ఆవిడ గబుక్కున లేచి నిలబడింది.

"అరాజకం అని ఉందండీ. రాజు లేకపోవడం."

"వద్దు. వింటేనే జనం హడలిపోతారు."

"పోనీ, సంధికాలం? ఒకరు వెళ్ళారు, ఇంకొకరు రాలేదు. ఆ మధ్య రోజులు."

"ఇది మెత్తగా ఉంది. ఎక్కించు. రేడియో, పేపర్లు అందరూ ఇదే వాడాలి."

ఆవిడ కార్డు తీసింది. అచ్చయిన ఉదాహరణ, దాని తేదీ రాయనిదే ఏ కార్డూ పెట్టెలోకి వెళ్ళదు. అది ఆవిడ పెట్టిన నియమమే.

"ఈ అర్థంలో ఎవరూ వాడినట్టు లేదండీ. పెద్దాయన వచ్చి నలభై ఏళ్ళాయె. ఖాళీ ఎక్కడిది?"

"రాసుకో. 'సంధికాలంలో ప్రజలు ఇళ్ళలోనే ఉండాలి.' అన్ని పేపర్లలోనూ మొదటి పేజీ."

"తేదీ?"

"రేపటిది."

రేపటికి పెద్దాయన ఉండడన్నమాట, అనుకుంటూ నిఘంటువమ్మ గోడ వైపు చూసింది. గడియారం పదిన్నర చూపిస్తోంది. రోజూ పదకొండింటికి పెద్దాయన కారులో బయల్దేరతాడు; ఏం చేసినా అప్పుడే చేస్తారు. ఆ కారు నడిపేది ఆవిడ తమ్ముడు. ఆ ఉద్యోగం ఇప్పించింది ఆవిడ మొగుడే. తను మాత్రం అదే గ్యారేజీలో ఇంకా కూరగాయల వ్యాను తోలుతూ, బావమరిది టోపీ చూసి కుళ్ళుకుంటుంటాడు.

"ఒక్క ఫోన్ చేసుకోవచ్చాండీ? ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేదు."

"ఇక్కడే చేసుకో," అన్నాడు సెక్రటరీ, కదలకుండా.

"ఒరే తమ్ముడూ, జ్వరం తగ్గిందా?"

"జ్వరమేంటక్కా? డ్యూటీకి తయారవుతుంటే!"

"ఒళ్ళు కాలిపోతోందన్నావుగా! వెళ్ళకు. ముసుగు తన్ని పడుకో. నా మీదొట్టు."

అవతల బూట్లు విడిచిన చప్పుడైంది.

"సరే అక్కా," అన్నాడు తమ్ముడు, నెమ్మదిగా.

అమ్మయ్య అనుకుంది. పెద్దాయన ఏమైపోతే ఆవిడకేం? తోడబుట్టినవాడు బతికాడు, అది చాలు. గుండ్రంగా రేపటి తేదీ వేసింది. సెక్రటరీ కార్డు చదివి తలాడించి, చేతి గడియారం చూసుకున్నాడు. పదకొండూ అయిదు.

ఫోన్ మోగింది.

"పడుకున్నానక్కా. నువ్వేం కంగారుపడకు, నా ఉద్యోగానికి ఢోకా లేదు. నా టోపీ పెట్టుకుని, అద్దంలో నాలుగుసార్లు చూసుకుని మరీ, బావ పెద్దాయన్ని ఎక్కించుకుని వెళ్ళాడు."