తప్పు స్టేషన్

జగిత్యాలలో తాను కట్టిన భూగర్భ రైలు స్టేషన్‌లో మేస్త్రీ స్వరూప తల్లి లచ్చవ్వ కోసం ఎదురుచూస్తోంది. పక్కన విదేశం నుంచి వచ్చిన ఇంజనీరు ఇంగ్రిడ్.

"మా నగరంలో మూడో స్టేషన్‌కే ఖజానా ఖాళీ అయింది. మీకు ఊరూరా ఎలా సాధ్యమైంది?" ఇద్దరి చెవుల్లోనూ అనువాద యంత్రాలున్నాయి; ఇంగ్రిడ్ ప్రశ్న స్వరూపకు తెలుగులో వినిపించింది.

"మీరు ప్రతిదానికీ కొత్త నమూనా గీస్తరు, కొత్తోళ్లకు పని నేర్పుతరు. మాకు అన్నిటికీ ఒక్కటే అచ్చు మేడమ్. ఒక ఊర్ల పని అయిపోంగనే అదే మనుషులం, అవే మిషన్లతోని పక్కూరికి పోతం."

అంతలో స్వరూప ఫోన్ మోగింది. స్పీకర్‌లో తల్లి గొంతు.

"ఏడున్నవే? నేను దిగి ఎంతసేపాయె!"

స్వరూప ప్లాట్‌ఫారమంతా చూసింది. తల్లి లేదు.

"బోర్డు మీద ఏమున్నదో సదువమ్మా."

"కోరుట్ల అని ఉన్నది."

ఇంగ్రిడ్ పకపకా నవ్వింది. "అన్నీ ఒకేలా కడితే ఇంతే మరి!"

స్వరూప ముఖం చిన్నబోయింది.

తర్వాతి రైల్లో వచ్చిన లచ్చవ్వ ఆ నవ్వు సంగతి విన్నది. చేతిలోని టిఫిన్ క్యారియర్ కింద పెట్టి, ఇంగ్రిడ్ వైపు తిరిగింది.

"తప్పు స్టేషన్ల దిగాల్నంటే పక్కూర్ల గూడ స్టేషన్ ఉండాలె గద బిడ్డా! మీ దిక్కు ఒక్కసారి అట్ల దిగి చూపియ్యి."