కడిగిన నేల

తిమోఫేయ్ మధ్యాహ్నం ఓడకి కొరియా వెళ్తున్నాడు. రష్యా రేవు వ్లదివొస్తోక్‌లో అదే అతని ఆఖరి రోజు. నా హాస్టల్లో అన్నిటికన్నా చవక మంచం అతనిదే. రొట్టె కొనుక్కోడానికి తప్ప పొద్దుటి నుంచీ కిటికీ వదల్లేదు, రేవు కేసి చూస్తూ కూర్చున్నాడు.

బయల్దేరేముందు తన రేకు కప్పు కిటికీలో పెట్టాడు. "ఇదిక్కడే ఉండనీ పిన్నీ. రెండు వారాల్లో వచ్చేస్తాగా."

"నాదేమన్నా సామాన్ల కొట్టా? పట్టుకుపో!" కప్పు అతని సంచిలో కుక్కేశాను.

కుర్రాడు చిన్నబుచ్చుకున్నాడు. అయినా గడప దగ్గర నవ్వాడు. "నేనటు వెళ్ళగానే నేల కడిగెయ్యకేం! కడిగితే వెళ్ళినవాడు మళ్ళీ తిరిగిరాడంటుంది మా బామ్మ."

"మీ బామ్మకి పనీపాటా లేదు. నడు, ఓడ నీకోసం ఆగదు."

వీధి మలుపులో చెయ్యూపాడు. నేను ఊపలేదు. నా చెయ్యి ఏప్రన్ జేబులో ఒక కాగితాన్ని నలుపుతోంది.

వాడు రొట్టెకి వెళ్ళినప్పుడు యూనిఫాంలో ఒకాయన వచ్చి ఇచ్చిపోయాడు. యుద్ధానికి రమ్మని తిమోఫేయ్‌కి పిలుపు. ముందే చెబితే రేవులో తనిఖీవాళ్ళకి వాడి మొహమే వాణ్ణి పట్టిచ్చేది. ఓడ కదిలాక ఫోన్లో చెబుతాను.

బకెట్ నిండా నీళ్ళు పట్టి, వాడి మంచం కింద నుంచి గడప దాకా కడిగాను.

ఆరకముందే మళ్ళీ కడిగాను.