కాలు విరిగితే చాలు

“ఊఁ, కొట్టవే,” అన్నాడు మొగుడు పళ్ళ బిగువున.

అతని కుడికాలు రెండు స్టూళ్ళ మధ్య చాపి ఉంది. పెళ్ళాం చేతిలో ఇనప మంచం కోడు. శరణార్థుల శిబిరంలో గదులకు లోపల గడియలుండవు, ఎవరైనా ఏ క్షణాన్నైనా రావచ్చు. ఆశ్రయం కోసం అతను పెట్టుకున్న అర్జీ కొట్టేశారు. పదింటికి విమానం ఎక్కించి సొంత దేశానికి పంపేస్తారు. అక్కడ దిగితే ఆలుమగల్లో ఎవరినైనా సరే, సైనికులు నిలబెట్టి కాల్చేస్తారు. ఆమె అర్జీ ఇంకా తేలలేదు. ఈ దేశం మహా దయగలది, ఎముక విరిగినవాణ్ణి మాత్రం విమానం ఎక్కించదు.

“నా వల్ల కాదండీ. చేతులు ఆడటం లేదు.”

“పెళ్ళైన దగ్గర్నుంచీ నా ప్రాణం తోడేస్తూనే ఉన్నావుగా. ఇప్పుడేమొచ్చింది?”

“ఊరుకోండి.”

“మీ అమ్మే నయం. గయ్యాళిదైనా గుండె ఉన్న మనిషి. నువ్వు మీ నాన్న పోలిక, ఒట్టి పిరికిదానివి.”

“పోయిన మనిషి ఊసెందుకు?”

“పోయాడు, పీడా విరగడైంది.”

కోడు లేచింది. మొదటి దెబ్బకు చర్మం చిట్లింది. అతను దుప్పటి నోట్లో కుక్కుకుని ఇంకోటి అన్నట్టు తలాడించాడు. రెండో దెబ్బకు మోకాలి కింద ఎముక ఫటుక్కున విరిగి బయటికి పొడుచుకొచ్చింది. నెత్తురు ఆమె మొహాన చిమ్మింది. దుప్పట్లోంచే అతను పెట్టిన కేకకు ఆమె కోడు చేత్తోనే అతని పక్కన కూర్చుండిపోయింది. ఆ మనిషంటే ఆమెకు ప్రాణం.

కేక విని అర్జీలు తేల్చే అధికారి, డాక్టరు, ఇద్దరు గార్డులు తలుపు తోసుకొచ్చారు. గార్డులు ఆమె చేతులు వెనక్కి విరిచి, మొహాన్ని గోడకేసి కొట్టారు. పెదవి చితికింది.

“ఆరు వారాలు ఇతన్ని కదపడానికి వీల్లేదు,” అన్నాడు డాక్టరు, కట్టు కడుతూ.

గట్టెక్కామనుకుని ఆమె చితికిన పెదవితోనే నవ్వింది.

“నవ్వుతోంది చూడండి సార్, రాక్షసి,” అన్నాడు ఒక గార్డు.

“నేనే కొట్టమన్నాను. దాన్నేం చెయ్యకండి,” అని మూలిగాడు మొగుడు.

“దెబ్బలు తిన్నవాళ్ళంతా ఇలాగే వెనకేసుకొస్తారు,” అంటూ అధికారి ఫైలు తెరిచాడు. “నీ ప్రాణానికి ముప్పుందని ఇన్నాళ్ళూ ఋజువు దొరకలేదు. ఇవాళ కళ్ళారా చూశాం. నీకు ఆశ్రయం ఇస్తున్నాం.”

సంతకం పెట్టి, అతని భుజం తట్టాడు.

“ఇంక భయపడకు. ఆవిడ అర్జీ కొట్టేసి, పదింటి విమానం ఎక్కించేస్తున్నాం.”