లెక్కలోకి రాని నయం

"మందు పనిచేయలేదమ్మా. మాత్రలు ఆపేస్తున్నాం, ఇంక రానక్కర్లేదు" అంది హార్మోన్ల జబ్బుకి కొత్త మందు మీద పరిశోధన చేస్తున్న డాక్టరు.

కోడలు బల్ల మీంచి లేవలేదు. "నెలసరి సరిగ్గా వస్తోంది. షుగరు దిగింది. పనిచేయకపోవడమేంటండీ?"

"గర్భం రాలేదుగా. మా పరిశోధనలో నయమైందంటే అదే."

గుమ్మంలో అత్త నిలబడి ఉంది. పిల్లల కోసం ఇక్కడికి లాక్కొచ్చింది ఆవిడే. ఇక ఇద్దరూ కలిసి వాయిస్తారని కోడలు తల దించుకుంది.

"డాక్టరమ్మా, నాకూ ఇదే జబ్బు" అంది అత్త. "ఇదే మెడ నలుపు, గడ్డం మీద ఇవే వెంట్రుకలు. ముగ్గుర్ని కన్నాను. పిల్లలు పుట్టాక నీకింకేం రోగమన్నారు. షుగరు ముదిరి కాలివేలు తీసేసేదాకా నా రక్తం ఎవరూ చూడలేదు. మీ లెక్కన నాకు నయమైనట్టేనా?"

డాక్టరు కళ్లజోడు తీసింది. "నియమాలు నేను పెట్టినవి కావండీ."

"పెట్టినవాళ్లని పిలవండి. దీని మాత్రల సంగతి తేలేదాకా మేం కదలం. ఆకలేస్తే కింద మీ క్యాంటీను ఉంది."

అత్త కుంటుకుంటూ లోపలికొచ్చింది.

కోడలు జరిగి, బల్ల మీద పక్కన చోటిచ్చింది.