చీరాల మీద పందెం

గుజరాత్‌లో భూకంపం వచ్చిన ఏడాది, గుంటూరు మిర్చి యార్డు ఎదుట టీ కొట్టు దగ్గర కొత్త పందెం మొదలైంది. ఈసారి పెద్ద భూకంపం ఎక్కడ వస్తుంది? ఓడినవాళ్లు గెలిచినవాడికి కడుపునిండా మిరపకాయ బజ్జీలు తినిపించాలి.

కమీషన్ వ్యాపారి అంకమ్మరావు జపాన్ మీద కాశాడు. కొందరు అస్సాం అన్నారు, కొందరు ఢిల్లీ అన్నారు. యార్డులో కాటా వేసే హయాత్ మాత్రం చీరాల అన్నాడు.

"చీరాలా! అక్కడ మగ్గాలు తప్ప ఇంకేం అదురుతాయిరా?" అని అంకమ్మరావు పడీపడీ నవ్వాడు. హయాత్ కూడా నవ్వాడు గానీ మాట మార్చలేదు.

మార్చిలో జపాన్ కంపించింది. హయాత్ తనే బజ్జీలు తెచ్చి అంకమ్మరావు ముందు పెట్టాడు. అతని సంబరం చూస్తే గెలిచింది అతనే అనుకోవాలి.

"ఒరేయ్, ఓడిపోయి ఆ కులుకేంట్రా? ఈసారన్నా బుద్ధిగా వేరే ఊరు చెప్పు."

"లేదురా. మళ్లీ చీరాలే."

"ఏముందిరా ఆ చీరాల్లో?"

హయాత్ గొంతు తగ్గించాడు. "మా పిల్లని ఇచ్చింది ఆ ఊరే గదరా. గుజరాత్‌లో కూలిన ఇళ్లు టీవీలో చూసిన కాణ్ణించి నాకు కంటిమీద కునుకు లేదు. నువ్వే చెప్పు, బుద్ధెరిగాక నేను కాసిన పందెం ఒక్కటన్నా నెగ్గిందా? నేను కాశానంటే ఆ ఊరికి భూకంపం రాదు."

అంకమ్మరావు చేతిలోని బజ్జీ పళ్లెంలో పెట్టేశాడు. తర్వాత చుట్టూ చూసి, హయాత్ పక్కకు జరిగాడు.

"అట్టాగైతే గుంటూరు మీద కూడా కాయరా. బజ్జీలు నేను పెట్టిస్తాలే."